అర్జీ పట్టుకొని వచ్చినవాళ్లు

చిత్తూరు

పిల్లలూ, ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో చంద్రగిరి కోటకు పోయినప్పుడు, రాజమహల్ ముందర కూర్చుని చిన్నది ఒక మాట అడిగింది. "తాతా, ఇక్కడుండే రాజులు ఏమైపోయినారు? ఎవరన్నా తరిమేసినారా?" నేను నోరు తెరిచేలోగా పెద్దోడు "ఫ్రాన్సులో రాజు తల తీసేసినారంట, మా సోషల్ పుస్తకంలో ఉంది" అన్నాడు. పులిహోర పొట్లాలు విప్పుతున్న మీ అవ్వ, తిండి ముందర ఆ మాటలేందిరా అని కసిరింది. అప్పటికి నేనూ ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రాజును జనం ఎందుకు దించుతారు, దించిన తర్వాత ఏమవుతుంది అన్నది పులిహోర తినేలోగా తేలే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం. మీ నేస్తాలకు కూడా చదివి వినిపించండి.

నా పని మీకు తెలుసు. నలభై ఏళ్లు ఒక ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెట్టాను. సాయంత్రమైతే లైబ్రరీకి పోయి చరిత్ర పుస్తకాలు ముందరేసుకునేవాణ్ని. ఆ రెండూ కలిసి నాకొక సంగతి నేర్పాయి. అర్జీ పట్టుకొని వచ్చిన మనిషికి పైవాడి మీద ఇంకా నమ్మకం ఉంది. బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి, ఎండలో నిలబడి, రాసింది మళ్లీ చదివించుకుని వింటున్నాడంటే, లోపల కూర్చున్నాయన వింటాడనే కదా. ఆ నమ్మకం తెగిన రోజే జనం తిరగబడతారు.

పలమనేరు వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. ఆమె భూమి రికార్డులో వేరేవాళ్ల పేరున ఎక్కింది. ఆమెకు నేను పదకొండు అర్జీలు రాశాను. పాత అర్జీల నకళ్లన్నీ ఒక పాలిథిన్ కవర్లో చుట్టి, రొంటిన దోపుకొని వచ్చేది. పదకొండోసారి వేలిముద్ర వేసి, సిరా వేలిని చెంగుకు తుడుచుకుంటూ "నాయనా, వీళ్లు చదవరని నాకు తెల్సు. అయినా రాయి" అంది. ఆ రెండు మాటల నడుమ ఉన్న దారం ఎంత సన్ననిదో ఆ రోజు చూశాను. మీరు కింద చదవబోయేదంతా ఆ దారం కథే.

ఫ్రాన్సు సంగతిని మన ఊరి దగ్గరే మొదలుపెడతాను. మైసూరు హైదర్ అలీ ఇంగ్లీషువాళ్లతో యుద్ధం చేస్తూ 1782 డిసెంబరు 7న చనిపోయింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. ఆ యుద్ధంలో ఆయనకు తోడుగా ఫ్రెంచి ఓడలు, ఫ్రెంచి సైన్యం వచ్చాయి. అదే కాలంలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కూడా ఫ్రాన్సు డబ్బు కుమ్మరించింది. అంతా అప్పే. 1788 వచ్చేసరికి ప్రభుత్వం పెట్టే ఖర్చులో దాదాపు సగం పాత అప్పులకే పోతోంది. హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ మళ్లీ సాయం అడగడానికి ముగ్గురు రాయబారులను పంపాడు. 1788 ఆగస్టు 10న ఫ్రాన్సు రాజు పదహారో లూయీ వాళ్లను వెర్సాయి కోటలో దర్బారు తీర్చి ఘనంగా పిలిపించుకున్నాడు. మర్యాద దక్కింది, సాయం దక్కలేదు. ఎందుకంటే సరిగ్గా ఆరు రోజులకు, ఆగస్టు 16న, ఆ ఖజానా బాకీల చెల్లింపులు ఆపేసింది. దర్బారు జరుగుతున్నప్పుడే పెట్టె అడుగు కనబడుతోందన్నమాట.

ఖజానా నింపాలంటే పన్నులు వేయాలి. ముఖ్యమైన పన్నుల్లో ప్రభువులకూ చర్చి పెద్దలకూ మినహాయింపులు. భారం రైతు మీద. ఉప్పు పన్ను ఎంత అన్యాయమంటే, దేశంలో చాలా చోట్ల ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషీ ఏడాదికి ఇంత ఉప్పు కొని తీరాల్సిందే, అక్కర ఉన్నా లేకపోయినా. మన గాంధీగారు 1930లో దండి సముద్రం ఒడ్డున ఉప్పు ఎందుకు ఎత్తారో మీరు చదువుకున్నారు కదా, అది గుర్తు చేసుకుంటే ఆ రైతుల మంట అర్థమవుతుంది. దానికి తోడు 1788 జూలై 13న వడగళ్ల వాన పడి కోతకొచ్చిన పైరు నేలపాలైంది. ఆ చలికాలం నదులు గడ్డకట్టాయి. 1789 నాటికి పారిస్‌లో కూలివాడి రోజు సంపాదనలో సగానికి పైగా రొట్టెకే సరిపోయింది.

అయితే ఆకలి అంతకుముందు లేదా? ఉంది. 1709లో అంతకన్నా ఘోరమైన చలి, కరువు వచ్చి లక్షల మంది పోయారు. సింహాసనం కదల్లేదు. 1789లో జరిగిన కొత్త సంగతి ఏమిటంటే, రాజే జనాన్ని అడిగాడు. దారి తోచక, 1614 తర్వాత ఎన్నడూ పిలవని మహాసభను పిలిచి, ఊరూరా మీ కష్టాలు రాసి పంపండి అని కబురు పెట్టాడు. పల్లెల్లో జనం చర్చి దగ్గర చేరి, చదువొచ్చినవాడి చేత రాయించారు. వేలాది ఊళ్ల నుంచి వేలాది పుస్తకాలు. వాటిలో ఏమున్నాయో చదివినప్పుడు నా బల్ల ముందర కూర్చున్న మనుషులే కనబడ్డారు. ప్రభువు పెంచే పావురాలు మా విత్తనాలు ఏరుకు తింటున్నాయి, వాటిని కొట్టే హక్కు మాకు లేదు. ప్రభువు మరలోనే పిండి పట్టించుకోవాలంటున్నారు. వేటకొచ్చి పైరు తొక్కేస్తున్నారు. రాజు మాకొద్దు అన్న మాట ఆ పుస్తకాల్లో దాదాపు ఎక్కడా లేదు. చాలా వాటిలో రాజుకు దండాలే ఉన్నాయి. మా దొర మంచివాడు, నడుమ ఉన్నవాళ్లే చెప్పనివ్వడం లేదు అనే నమ్మకం అది. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిది మంది కలెక్టరు గురించి ఇదే మాట అనేవాళ్లు.

తర్వాతి మలుపులు మీ పాఠంలో ఉన్నవే. సభలో ఓట్ల లెక్క దగ్గర పేచీ, జూలై 14న మందుగుండు కోసం బాస్టీల్ మీదికి పోవడం (అప్పుడు ఆ జైల్లో ఉన్నది ఏడుగురే ఖైదీలు), అక్టోబరు 5న పారిస్ ఆడవాళ్లు రొట్టె కోసం వెర్సాయి దాకా వానలో నడిచిపోవడం. ఇన్ని జరిగినా రాజు రాజుగానే ఉన్నాడు. నమ్మకం తెగింది మాత్రం 1791 జూన్‌లో. ఒక రాత్రి ఆయన మారువేషంలో పెళ్లాం బిడ్డలతో కోట వదిలి సరిహద్దు వైపు బయల్దేరాడు. పోతూ పోతూ ఒక కాగితం రాసి పెట్టిపోయాడు. ఇన్నాళ్లూ నేను ఒప్పుకున్నవన్నీ బలవంతం మీద ఒప్పుకున్నవే అని అందులో ఉంది. వారెన్ అనే చిన్న ఊళ్లో పట్టుకున్నారు. జనం రాసిన అన్ని కాగితాలకు ఆయన ఇచ్చిన జవాబు ఆ ఒక్క కాగితం అయింది. 1792 సెప్టెంబరు 21న రాచరికం రద్దు చేశారు, 1793 జనవరి 21న తల తీశారు.

ఇక్కడ మీకొక ముసలాయన గురించి చెప్పాలి. పేరు మలెషెర్బ్. పన్నుల కోర్టుకు పెద్దగా ఉండి, జనం నడ్డి విరుగుతోందని 1775లో రాజుకే విన్నపం రాసినవాడు. అంతకుముందు రాజును ఎదిరించి రాసినందుకు పట్నం నుంచి వెళ్లగొట్టించుకున్నవాడు. 1792 డిసెంబరులో లూయీని విచారణకు పెట్టినప్పుడు, ఆయన తరఫున నేను వాదిస్తానని 71 ఏళ్ల వయసులో తానుగా ముందుకొచ్చాడు. రాజు దగ్గర జనం మాట చెప్పినవాడు, జనం దగ్గర రాజు మాట చెప్పాడు. 1794 ఏప్రిల్ 22న అతన్ని, అతని కూతురినీ, మనవరాలినీ, ఆమె భర్తనూ గిలటిన్ అనే తల నరికే యంత్రం కింద పెట్టారు. నాకు విప్లవం మీద కోపం వచ్చేది రాజు చావు దగ్గర కాదు, ఈయన చావు దగ్గర. ఆ జూన్‌లో ఇంకో చట్టం తెచ్చారు. ముద్దాయికి వకీలు ఉండడు, తీర్పు విడుదల లేకపోతే మరణం. ఆ భయంకర పాలనలో తీర్పులు చెప్పి చంపినవాళ్లే దాదాపు 17,000 మంది. దాన్ని నడిపిన రొబెస్పియర్‌ను జూలై 28న విచారణ లేకుండానే చంపారు. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడే వీలు తీసేస్తే, ఆ వీలు తీసినవాడికి కూడా అది మిగల్లేదు.

ఆ అలసటలోంచి నెపోలియన్ వచ్చి 1804లో చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. 1814లో లూయీ తమ్ముడే రాజై తిరిగొచ్చాడు. ఫ్రాన్సులో సింహాసనం ఇక మళ్లీ లేవకుండా పోయింది 1870లో, మొదట దించిన 78 ఏళ్లకు. అయినా ఇంత నెత్తురూ దండగ అని నేననను. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కుల రద్దు మొదలైంది. తర్వాత ఎంతమంది రాజులు తిరిగొచ్చినా ఆ పావురాలు, ఆ మర తిరిగి రాలేదు.

ఆ విప్లవం తానే తోసేసిన అర్జీ ఒకటుంది. ఇప్పటి హైతీ అప్పుడు ఫ్రాన్సు వలస. అక్కడి నుంచి విన్సెంట్ ఓజె అనే మిశ్రమజాతి స్వతంత్రుడు పారిస్ సభలో, మనుషులంతా సమానమన్నారు కదా, మాకూ ఓటివ్వండి అని అడిగాడు. ఇవ్వలేదు. ఇంటికి పోయి తిరగబడితే 1791 ఫిబ్రవరిలో చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. ఆగస్టుకల్లా అక్కడి బానిసలు లేచారు. 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. విడుదలైన బానిసల బిడ్డలు, వాళ్ల బిడ్డలు ఆ అప్పు మోశారు. స్వేచ్ఛ తెచ్చుకున్న దేశం ఎందుకు పేదగా మిగిలిందని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఈ లెక్క చెప్పండి.

రష్యాలో అయితే దారం తెగిన గంట కూడా చెప్పొచ్చు. 1905లో, వాళ్ల పాత క్యాలెండరులో జనవరి 9, ఆదివారం. గపోన్ అనే మతగురువు వెంట కార్మికులు పెళ్లాం బిడ్డలతో, దేవుడి పటాలూ జార్ చక్రవర్తి పటాలూ పట్టుకుని సెయింట్ పీటర్స్‌బర్గ్ పట్నంలో కోట వైపు నడిచారు. చేతిలో అర్జీ. రోజుకు ఎనిమిది గంటల పని, ఎన్నుకున్న సభ కావాలని. జార్ కోటలో లేడు, సైనికులు కాల్చారు, వందకు పైగా చనిపోయారు. జార్ పటాలు మంచులో పడ్డాయి. తర్వాత ఆయన ఒక సభ ఇచ్చి, నచ్చనప్పుడల్లా రద్దు చేశాడు. ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పోయారు, పట్నంలో రొట్టె దొరకలేదు. 1917 మార్చి 8న, మహిళా దినం రోజు, బట్టల మిల్లుల ఆడవాళ్లు సమ్మె కట్టి వీధికెక్కారు. వారంలో జార్ దిగిపోయాడు. ఈసారి సైనికులే జనంతో కలిశారు కాబట్టి అంత తొందరగా అయింది.

ఆ తర్వాత ఎన్నికలు పెట్టారు. రాజ్యాంగ సభ 1918 జనవరిలో ఒకే ఒక్కసారి కూర్చుంది. ఈలోగా అధికారం చేజిక్కించుకున్న బోల్షెవిక్కులకు, అంటే లెనిన్ పార్టీవాళ్లకు, అందులో నాలుగో వంతు సీట్లే రావడంతో మరునాడే మూసేశారు. ఆ సభకు మద్దతుగా ఊరేగిన జనం మీద అదే ఊళ్లో కాల్పులు జరిగాయి. పాత క్యాలెండరులో జనవరి 5. పదమూడేళ్ల కిందటి ఆ ఆదివారానికి నాలుగు రోజుల తక్కువ.

మరి మనవాళ్లు? మా నాయన చిన్నప్పుడు మా పల్లె కార్వేటినగరం జమీన్ కింద ఉండేది. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టంతో జమీందారీలు పోయాయి, తలలు తెగలేదు. సంస్థానాధీశుల్లో ఎక్కువమంది సంతకాలు పెట్టి రాజభరణాలు తీసుకున్నారు, అవి 1971లో ఆగాయి. నిజాం రాజ్యంలో మాత్రం రైతులు నెత్తురు ధారపోయాల్సి వచ్చింది. పక్కనున్న నేపాల్‌లో పదేళ్ల సాయుధ పోరాటం, 2006లో జనమంతా వీధుల్లోకి రావడం, ఆఖరికి 2008 మే 28న ఎన్నికైన సభే 240 ఏళ్ల రాచరికాన్ని రద్దు చేయడం. దిగిపోయిన రాజు ఆ దేశంలోనే ఉన్నాడు, కోట మ్యూజియం అయింది, మన చంద్రగిరి లాగే. రాజ్యాంగం రాసుకోవడానికి మాత్రం వాళ్లకు ఏడేళ్లు పట్టింది. ఒక సభ రాయలేక రద్దయింది, రెండోది రాసింది. ఆ ఏడేళ్లను చాలామంది చేతకానితనం అన్నారు. నేను అనను. తుపాకులతో కన్నా ఎక్కువగా కూర్చుని మాటలతో పోట్లాడుకున్న ఏడేళ్లు అవి.

ఆ పలమనేరు పెద్దమ్మ తర్వాత రాలేదు. రెండేళ్లకు ఆమె మనవరాలు వచ్చింది, డిగ్రీ చదువుతున్న పిల్ల, అదే పాలిథిన్ కవరు చేతిలో. అవ్వ పోయిందని చెప్పింది. నేను పన్నెండోది మొదలుపెట్టాను, అలవాటుగా: "శ్రీయుత జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు." ఆ పిల్ల వంగి చూసి, "తాతా, దివ్యసముఖం అంటే ఏంది? ఆయన దేవుడా, రాజా?" అంది. రాజుల కాలం మాట అమ్మా, దర్బారులో విన్నపాలకు అట్లా రాసేవాళ్లు, అదే వస్తోంది అన్నాను. "అయితే కొట్టేయండి" అంది.

కొట్టేస్తే బాగుండదని కొత్త కాగితం తీసుకున్నాను. "జిల్లా కలెక్టరు గారికి" అని రాశాను. కింద "తమ విధేయురాలు" అని రాయబోతే ఆమె వద్దని, పేరు, సర్వే నంబరు చాలంది. సంతకం పెట్టి, రెండు నకళ్లు తీయించుకుని, "రసీదు ఇచ్చేదాకా కిటికీ దగ్గర్నుంచి కదలను తాతా" అని రోడ్డు దాటి లోపలికి పోయింది.

మీ
తాత