కౌన్సెలర్ గదిలో చెప్పిన మాట గడప ఎప్పుడు దాటాలి?

స్కూల్ కౌన్సెలర్ ఉద్యోగం పుట్టినప్పుడు అందులో దాచాల్సిన రహస్యాలేమీ లేవు. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ మొదలుపెట్టిన వొకేషన్ బ్యూరో చూసిందల్లా ఏ కుర్రాడికి ఏ పని నప్పుతుందనే. 1957లో సోవియట్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ఎగరేసేసరికి సైన్స్‌లో వెనకబడ్డామని అమెరికాకు టెన్షన్ పట్టుకుంది. చురుకైన పిల్లల్ని ఏరడానికి 1958 నాటి చట్టం స్కూళ్లలో కౌన్సెలింగ్‌కు నిధులిచ్చింది. కానీ తలుపు వేసి ఓపిగ్గా వినే పెద్దలు దొరికితే పిల్లలు మార్కుల దగ్గరే ఆగరు కదా! ఇంటి గొడవలూ భయాలూ ఆ గదికి చేరాయి. "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా" అనే షరతూ వాటి వెంటే వచ్చింది.

ఆ షరతుకు మొదటి గండి డాక్టర్ల వైపు నుంచి పడింది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల గాయాలపై 1962లో హెన్రీ కెంప్ బృందం రాసిన వ్యాసం కలకలం రేపింది. కొన్నేళ్లలోనే అమెరికా రాష్ట్రాలన్నీ హింస అనుమానం వస్తే ఫిర్యాదు చేయాలని చట్టాలు చేశాయి. మొదట డాక్టర్లకు పెట్టిన ఈ బాధ్యత తర్వాత టీచర్లకూ కౌన్సెలర్లకూ పాకింది. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు.

రెండో గండి టారసాఫ్ కేసు. టటియానా టారసాఫ్ అనే యువతిని చంపాలనుకుంటున్నానని కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ విద్యార్థి ఒకడు తన సైకాలజిస్టుతో అన్నాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు చెప్పారు. వాళ్లు అతన్ని పట్టుకుని వదిలేశారు. ఆమెకు గానీ ఆమె ఇంట్లోవాళ్లకు గానీ ఎవరూ చెప్పలేదు. 1969లో ఆమె అతని చేతిలో హత్యకు గురైంది. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుదేనని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది.

స్కూళ్లకు మాత్రం అసలు మలుపు మేరీలాండ్‌లోని ఐసెల్ కేసు. నికోల్ ఐసెల్ అనే పదమూడేళ్ల అమ్మాయి చనిపోవాలనుకుంటోందని స్నేహితురాళ్లు విని తమ కౌన్సెలర్‌కు చెప్పారు. ఆ కౌన్సెలరూ, నికోల్ కౌన్సెలరూ ఆ అమ్మాయినే పిలిచి అడిగారు. అలాంటిదేమీ లేదంది. విషయం అక్కడితో ఆగిపోయింది, తండ్రికి కబురు వెళ్లలేదు. 1988లో ఆ అమ్మాయి చనిపోయింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు రహస్యం బయటపెట్టాల్సి రావచ్చని ఆ స్కూలు పత్రంలోనే అంతకుముందే రాసి ఉంది! ఆత్మహత్య ఆలోచన చెవిన పడ్డాక దాన్ని ఆపడానికి సహేతుకమైన ప్రయత్నం చేయాల్సిందేనని 1991లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. నా దృష్టిలో ఈ తీర్పు బరువంతా ఒక్కచోటే ఉంది: పిల్ల "లేదు" అన్నంత మాత్రాన పెద్దల పూచీ తీరిపోదు.

ఇక కాగితాల సంగతి. 1974 నాటి ఫెర్పా చట్టంతో పిల్లల స్కూలు రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులకు వచ్చింది. కౌన్సెలర్ గుర్తు కోసం రాసుకుని, తన దగ్గరే ఉంచుకున్న నోట్స్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అదే నోట్స్ ప్రిన్సిపాల్‌కు చూపిస్తే మినహాయింపు పోతుంది. నలుగురూ తెరవగలిగే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసినా అంతే.

ఇన్ని గీతలు గీసినా మధ్యలో పెద్ద ఖాళీ మిగిలింది. చేతి మీద పైపై కోతలు, వారాంతపు తాగుడు, ఇంట్లో తెలియని ప్రేమ వ్యవహారం. వీటిలో ఏది చెప్పాలో, ఏది దాచాలో పిల్లవాడి వయసునూ ప్రమాదపు స్థాయినీ రాష్ట్ర చట్టాన్నీ చూసి కౌన్సెలరే తేల్చుకోవాలి. అందుకే ఇప్పుడు చాలామంది ఏయే విషయాలు దాచలేమో మొదటి రోజే పిల్లలకు చెప్పేస్తున్నారు. అది విని కొందరు పిల్లలు అసలు నోరే విప్పడం లేదు.