పిల్లిని పస్తు పెట్టకండి: లావు తగ్గించడంపై అపోహలు - వాస్తవాలు

నేను కడపలో పశువైద్యుణ్ణి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గరికి గేదెలు, మేకలు, కాపలా కుక్కలే ఎక్కువగా వచ్చేవి. పిల్లిని డాక్టరుకు చూపించాలని అప్పట్లో ఎవరికీ తోచేది కాదు. ఇప్పుడు పెర్షియన్ పిల్లులే కాదు, మామూలు నాటు పిల్లులు కూడా గడప దాటకుండా ఇంట్లోనే పెరుగుతున్నాయి. టీకాకో, చెవిలో దురదకో తీసుకొస్తారు. తూకం వేస్తే ఆరు కిలోలు, ఆరున్నర కిలోలు. మన నాటు పిల్లి ఎదిగాక సాధారణంగా మూడు నుంచి నాలుగున్నర కిలోలు ఉంటే చాలు.

"లావైంది, తగ్గించాలి" అంటే కొందరు నవ్వేస్తారు, కొందరు భయపడతారు. భయపడేవాళ్ళ గురించే నాకు టెన్షన్ ఎక్కువ. వాళ్ళు ఇంటికి పోగానే ముందు గిన్నె తీసేస్తారు.

అపోహ: రెండు మూడు రోజులు పస్తు పెడితే ఒళ్ళు తగ్గుతుంది

ప్రాణం పోయేది ఇక్కడే కాబట్టి దీంతోనే మొదలుపెడుతున్నాను.

మనం శనివారం ఒక్కపొద్దు ఉంటాం, రంజాన్‌లో రోజా ఉంటాం. మన ఒంటికి అది సరిపోతుంది, పిల్లికి సరిపోదు. తిండి ఆగితే ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి, రక్తంలో కలిసి లివర్‌కు చేరుతుంది. ఒక్కసారిగా వచ్చి పడే అంత కొవ్వును పిల్లి లివర్ వాడుకోలేదు, బయటికీ పంపలేదు. కొవ్వంతా లివర్ కణాల్లోనే పేరుకుపోయి, లివర్ పని చేయడం మానేస్తుంది. ఈ జబ్బును హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. ఎంత లావు పిల్లి అయితే అంత ప్రమాదం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా మొదలవవచ్చు. కొన్నాళ్ళపాటు మరీ తక్కువ తిన్నా రావచ్చు.

కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం సాయంత్రం ఎర్రముక్కపల్లి నుంచి ఒకామె బుట్టలో పిల్లిని తెచ్చింది. చెవుల లోపల, చిగుళ్ళ మీద పసుపు పూసినట్టు ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది, తల ఎత్తడం లేదు. "రెండు దినాలు ఏమీ పెట్టలేదు సార్. మూడో దినం నుంచి మేం పెట్టినా తినలేదు. చేప పెట్టినా మూతి తిప్పుకునింది" అని ఏడ్చింది. ఈ జబ్బులో ఉన్న ఉచ్చు అదే. మొదట మనం తిండి ఆపుతాం, తర్వాత లివర్ చెడి వికారంతో పిల్లే తినడం మానేస్తుంది. అలాంటి పిల్లిని బతికించాలంటే ముక్కులోంచో, మెడ దగ్గర నుంచో ట్యూబు వేసి వారాల తరబడి తిండి ఎక్కించాలి. చాలా పిల్లులు అలా కోలుకుంటాయి కూడా. ఆ పిల్లి మాత్రం కోలుకోలేదు.

ఆమె చేసింది ప్రేమతోనే. అంతకు పది రోజుల ముందు "తిండి తగ్గించమ్మా" అని చెప్పి పంపింది నేనే. ఎంత తగ్గించాలో, ఎలా తగ్గించాలో చెప్పలేదు. ఆ తప్పు నాది. అప్పటినుంచి లావు పిల్లి ఏది వచ్చినా, రోజుకు ఎన్ని గ్రాములు పెట్టాలో కాగితం మీద రాసి ఇవ్వకుండా పంపడం లేదు.

పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంకో రోజు చూద్దామని ఆగొద్దు.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది

పైదానికి ఇది తోబుట్టువు. కొత్త ఫుడ్ పెడతారు, పిల్లి వాసన చూసి వెళ్ళిపోతుంది. "ఎంతసేపుంటుందిలే" అని ఇంట్లోవాళ్ళు పట్టు పడతారు. కుక్క దగ్గర ఈ పట్టు చెల్లుతుందేమో, పిల్లి దగ్గర చెల్లదు. ఇష్టం లేని తిండి ముందున్నా అది రోజుల తరబడి ఖాళీ కడుపుతో ఉండిపోగలదు. పాత ఫుడ్‌లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ ఏడు నుంచి పది రోజుల్లో మార్చండి. మధ్యలో మానేస్తే మళ్ళీ పాతదే పెట్టి తిననివ్వండి. బరువు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: మా పిల్లి తినేది కొంచెమే

నేను రోజూ వినే మాట ఇది. చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పరు. ఇంట్లో ఎవరికి వాళ్ళు పెట్టేది కొంచెమే. అందరూ పెట్టింది కలిపి చూసేవాళ్ళే ఉండరు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఎర్ర మగ పిల్లి లెక్క చెబుతాను. తూకం 6.4 కిలోలు. వాళ్ళింట్లో ఒక రోజంతా పెట్టిన ప్రతిదీ రాయమన్నాను. పొద్దున అవ్వ పోసే గేదె పాలు 100 మి.లీ., అంటే దాదాపు 100 కేలరీలు. గిన్నెలో ఎప్పుడూ నింపి ఉంచే డ్రై ఫుడ్ 60 గ్రాములు, సుమారు 230 కేలరీలు. రాత్రి అబ్బాయి పెట్టే ఉడికించిన చికెన్ 50 గ్రాములు, 80 కేలరీలు. మొత్తం 410. ఎవరికి వాళ్ళు చూసుకుంటే ఎవరి వంతూ ఎక్కువ కాదు.

ఆ పిల్లి ఉండాల్సిన బరువు సుమారు 4.6 కిలోలని అంచనా వేశాను. ఆ బరువు పిల్లి ఒంటికి ఊరికే పడుకున్నా రోజుకు దాదాపు 220 కేలరీలు కావాలి. బరువు తగ్గించాలంటే అందులో 80 శాతంతో మొదలుపెడతాం, అంటే 176. 100 గ్రాములకు 380 కేలరీలుండే డ్రై ఫుడ్ అయితే రోజంతటికీ 46 గ్రాములు. చిరుతిండి పెడితే మొత్తంలో పదో వంతు మించకూడదు. అంటే ఉడికించిన చికెన్ 10 గ్రాములు, చిటికెన వేలంత ముక్క. అది పెట్టిన రోజు డ్రై ఫుడ్‌లో నాలుగు గ్రాములు తగ్గించాలి.

410 నుంచి 176కి ఒక్క రోజులో దించలేదు. మొదట పాలు ఆపించాను, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో మెట్టుమెట్టుగా దించాను. గ్లాసుతోనో గరిటెతోనో కొలిస్తే ప్రతిసారీ తేడా వస్తుంది. కిచెన్‌లో వాడే చిన్న డిజిటల్ కాటా కొనండి. పొద్దున్నే ఆ రోజు కోటా తూచి ఒక డబ్బాలో పోయండి. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఇంట్లో నలుగురి మధ్య పంచాయితీ దీంతోనే తీరుతుంది.

ఈ లెక్క ఒక పిల్లిది. మీ పిల్లి వయసు, జబ్బులు, మీరు కొనే ప్యాకెట్‌లోని కేలరీలు వేరు కాబట్టి మీ లెక్క మీ డాక్టరు దగ్గర వేయించుకోండి.

అపోహ: పాలు పిల్లికి తల్లిలాంటివి

పాలు కూడా తిండే. మన గేదె పాలు చిక్కన, వెన్న ఎక్కువ. 100 మి.లీ. పోస్తే ఆ పిల్లి రోజు కోటాలో సగానికి పైగా అయిపోతుంది. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. నీళ్ళు పెట్టండి చాలు. సంగటి ముద్దలో నెయ్యి వేసి పెట్టేవాళ్ళకూ ఇదే మాట. ఒక టీస్పూను నెయ్యి 45 కేలరీలు. ఇక ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) వేసిన కూర పులుసు అసలే వద్దు. పచ్చివైనా, ఉడికినా అవి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి.

అపోహ: మాంసం మానిపించి పెరుగన్నం పెడితే సన్నబడుతుంది

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి తిండిలోంచే రావాలి. అది మాంసంలో, చేపలో ఉంటుంది. అన్నంలో, పప్పులో ఉండదు. టారిన్ తక్కువైతే కళ్ళు పోతాయి, గుండె కండరం బలహీనపడుతుంది. టారిన్ లోపంతో గుండె ఉబ్బిన పిల్లులకు టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందని 1987లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ తర్వాతే పిల్లుల ఫుడ్ తయారుచేసేవాళ్ళు దాని మోతాదు పెంచారు.

బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా కొవ్వు మాత్రమే కరగాలంటే ప్రొటీన్ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే బరువు తగ్గడానికి డాక్టర్లు రాసే ప్రత్యేకమైన ఫుడ్‌లో కేలరీలు తక్కువ, ప్రొటీన్, పీచు ఎక్కువ. మామూలు ఫుడ్‌నే మరీ తగ్గించేస్తే విటమిన్లూ ఖనిజాలూ కూడా తగ్గిపోతాయి. అలాగని ఉత్త చికెన్ ఉడికించి మూడు పూటలా పెట్టినా చాలదు, అందులో కాల్షియం దాదాపు లేదు. ఖర్చు భరించగలిగితే తడి ఫుడ్ కొంత కలపండి. అందులో ముప్పాతిక వంతు నీళ్ళే, తక్కువ కేలరీలతో కడుపు నిండుతుంది.

అపోహ: అది లావు కాదు, బొచ్చు

చేత్తో చూడండి. మీ అరచేతిని కిందికి తిప్పి, చేతి వెనక వైపు ఎముకల మీద రెండో చేతి వేళ్ళు ఆడించండి. పిల్లి పక్కటెముకలు అలా తగలాలి. అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉండి, గట్టిగా నొక్కితే గానీ ఎముక దొరకకపోతే అది కొవ్వే. పైనుంచి చూస్తే నడుము కాస్త లోపలికి పోవాలి. వెనక కాళ్ళ ముందు పొట్ట కింద ఊగే వదులు చర్మం మాత్రం సన్నటి పిల్లికీ ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు.

"బొద్దుగా ఉంటేనే ముద్దు" అనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. లావు పిల్లికి షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కీళ్ళ నొప్పులొస్తాయి. వీపు వెనక భాగం నాక్కోలేక బొచ్చు ఉండలు కడుతుంది. ఇంట్లోనే పడి ఉండే లావు మగ పిల్లికి మూత్రం బిగుసుకుపోవడం కూడా ఎక్కువే. అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లావవుతుంది, కాబట్టి చేయించొద్దు

సగం నిజం. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన కేలరీలు దాదాపు పాతిక నుంచి ముప్పై శాతం తగ్గుతాయి, ఆకలేమో పెరుగుతుంది. గిన్నె మాత్రం పాత లెక్కలోనే నింపుతాం. ఆపరేషన్ చేయించిన వారం నుంచే కొలిచి, నాలుగో వంతు తగ్గించి పెడితే ఈ సమస్య చాలావరకు రాదు. గర్భసంచిలో చీము తప్పుతుంది, రొమ్ము గడ్డలు, వీధిలో కొట్లాటలు తగ్గుతాయి కాబట్టి ఆపరేషన్ చేయించమనే చెబుతాను.

అపోహ: బాగా ఆడిస్తే చాలు, తిండి తగ్గించక్కర్లేదు

ఆట మంచిదే, కండ నిలబడుతుంది. కానీ ఆటతో కరిగేది తక్కువ. మే నెలలో కడప ఎండకు మధ్యాహ్నం ఏ పిల్లీ కదలదు, కదిలించొద్దు కూడా. తెల్లవారుజామున, పొద్దుగూకాక ఐదేసి నిమిషాలు తాడు లాగించండి. డ్రై ఫుడ్ గింజలను గుడ్ల అట్ట గుంతల్లో వేసి వెతుక్కోనివ్వండి, ఆ పూట తిండికి పది నిమిషాలు పడుతుంది. రెండు పిల్లులుంటే వేర్వేరు గదుల్లో పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత గిన్నెలు తీసేయండి. రాత్రి మూడింటికి అరిచిందని లేచి పెడితే, రేపు రెండున్నరకే అరుస్తుంది. కోటాలో కొంత మిగిల్చి మీరు పడుకోబోయే ముందు పెట్టండి.

అపోహ: నెలలో కిలో తగ్గాలి

వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి రెండు శాతం లోపు తగ్గాలి. నేను ఒక శాతం చూసుకుంటాను. 6.4 కిలోల పిల్లికి అది వారానికి దాదాపు 60 గ్రాములు. ఆ లెక్కన 4.6కి రావడానికి ఏడెనిమిది నెలలు. మనుషులు నిలబడే తూకం మిషన్ మీద 60 గ్రాముల తేడా తెలియదు. ఆ ఎర్ర పిల్లి వాళ్ళకు కిరాణా కొట్టుంది. ఆదివారం పొద్దున కొట్టు తెరవకముందే బుట్టతో సహా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, బుట్ట బరువు తీసేసి కాగితం మీద రాసేవాళ్ళు. మూడు వారాలు ఒకే అంకె దగ్గర ఆగినప్పుడు ఆ అవ్వ నాకు ఫోన్ చేసింది. మూడు గ్రాములు తగ్గించి రాశాను, మళ్ళీ కదిలింది. రెండు శాతం కంటే వేగంగా తగ్గితే మాత్రం ఆనందపడకుండా తిండి పెంచాలి.

అపోహ: దానంతట అదే తగ్గుతోంది, మంచిదే

మనం ఏమీ మార్చకుండానే లావు పిల్లి సన్నబడుతోందంటే జబ్బు ఉన్నట్టే చూడాలి. నీళ్ళు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బాగా తింటూనే చిక్కిపోవడం, వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడవడం షుగర్ లక్షణాలు. ముందే పట్టుకుని ఇన్సులిన్ ఇచ్చి తిండి మారిస్తే కొన్ని పిల్లులకు తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. వయసు మీరిన పిల్లుల్లో థైరాయిడ్, కిడ్నీ కూడా చూడాలి. ఆ వారంలోనే తీసుకురండి. తూకాలు రాసిన కాగితమూ, పెడుతున్న ఫుడ్ ప్యాకెట్ కవరూ మరిచిపోకండి.