అభయం, అణకువ: ముస్లిం రాజ్యాల్లో యూదులు

ఇజ్రాయెల్, పాలస్తీనా వివాదం రాజుకున్నప్పుడల్లా చరిత్ర మీద కూడా ఒక తగాదా మొదలవుతుంది. ముస్లింల పాలనలో యూదులు వందల ఏళ్లు చల్లగా బతికారని, చిచ్చు పెట్టింది ఇరవయ్యో శతాబ్దపు రాజకీయాలేనని ఒక వర్గం అంటుంది. ఆ శతాబ్దాల నిండా అవమానాలు, ఊచకోతలే తప్ప మరేమీ లేవని ఇంకో వర్గం అంటుంది. ఇరువురి దగ్గరా ఆధారాలున్నాయి, ఎందుకంటే ఎవరికి పనికొచ్చే నగరాన్ని, ఎవరికి పనికొచ్చే కాలాన్ని వారు ఏరుకుంటారు. మొదటి కథకు ప్రాచుర్యం తెచ్చినవారిలో పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ యూదు చరిత్రకారులు ముఖ్యులు కావడం ఆసక్తికరం. యూరప్‌లో తమవారికి దక్కని గౌరవం గురించి నిలదీయడానికి వారికి ముస్లిం స్పెయిన్ వైభవం అక్కరకొచ్చింది.

ఇస్లామీయ చరిత్ర గ్రంథాల ప్రకారం మదీనాలో ముహమ్మద్ ప్రవక్తకు, అక్కడి యూదు తెగలకు మధ్య ఒప్పందం చెడిపోయింది. రెండు తెగలు ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. 627లో మూడో తెగ అయిన బనూ ఖురైజా పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా పంచుకున్నారు. మరుసటి ఏడాది అరేబియాలోని ఖైబర్ ఒయాసిస్సు లొంగిపోయినప్పుడు మాత్రం, పంటలో సగం ఇచ్చే షరతు మీద అక్కడి యూదులను తమ భూముల్లోనే ఉండనిచ్చారు. ఓడినవారితో ఎలా మెలగాలన్న ప్రశ్నకు తరవాతి న్యాయవేత్తలు ఈ ఖైబర్ ఏర్పాటునే దృష్టాంతంగా చూపారు. గ్రంథం గలవారు, అంటే యూదులు, క్రైస్తవులు, అణకువతో జిజియా చెల్లించాలని ఖురాన్ తొమ్మిదో సూరా చెబుతుంది. ఔరంగజేబు 1679లో హిందువులపై మళ్లీ విధించిన పన్నుగా మనకు తెలిసిన జిజియా ఇదే.

ఈ పన్ను కట్టే రక్షిత ప్రజలను ధిమ్మీలు అన్నారు. ప్రాణానికి, ఆస్తికి భద్రత, సొంత మతాచారం, సొంత న్యాయస్థానం, దేశమంతా తిరిగి వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ వారికి దక్కాయి. బదులుగా వారు తమ తక్కువతనాన్ని బహిరంగంగా ఒప్పుకోవాలి. రెండో ఖలీఫా ఉమర్ పేరిట చలామణీలోకి వచ్చినా ఆయన కాలం తరవాతే రూపుదిద్దుకుందని చాలామంది పండితులు భావించే ఒడంబడికలో ఆ నిబంధనలన్నీ కనిపిస్తాయి: కొత్త ప్రార్థనా మందిరాలు కట్టరాదు, జీను వేసి స్వారీ చేయరాదు, ఆయుధం పట్టరాదు, ముస్లింల ఇంటిని మించి ఇల్లు లేపరాదు, దుస్తులతోనే వేరుగా కనబడాలి. 850లో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ పసుపు రంగు గుర్తులు ధరించాలని ఆజ్ఞాపించాడు. ఇలాంటి ఆజ్ఞలు మళ్లీ మళ్లీ జారీ అయ్యాయంటే, మధ్యకాలంలో వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదన్నమాట.

ఆ మధ్యకాలపు జీవితం ఎలా ఉండేదో చెప్పడానికి పాత కైరోలోని బెన్ ఎజ్రా సినగాగును, అంటే యూదుల ప్రార్థనా మందిరాన్ని, మించిన సాక్ష్యం లేదు. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదన్న ఆచారం వల్ల అక్కడి యూదులు పాత కాగితాలన్నిటినీ ఒక గదిలో పడేస్తూ వచ్చారు. 1896-97లో సోలొమన్ షెక్టర్ అక్కడినుంచి కేంబ్రిడ్జికి తరలించిన ముక్కలే దాదాపు రెండు లక్షలు. వాటిలోని ఉత్తరాలు, వ్యవహార పత్రాలు చాలావరకు హీబ్రూ లిపిలో రాసిన అరబ్బీలో ఉన్నాయి. యూదులు, ముస్లింలు వ్యాపారంలో వాటాదారులుగా ఉన్న పత్రాలు అందులో దొరికాయి. మంగళూరులో ఉంటూ మిరియాలు ఎగుమతి చేసిన, కంచు పనిముట్ల కార్ఖానా నడిపిన పన్నెండో శతాబ్దపు యూదు వర్తకుడు అబ్రహాం బెన్ యిజు ఉత్తరాలూ దొరికాయి. అదే కుప్పలో జిజియా కట్టలేక వసూలుదారుకు దొరక్కుండా ఇంట్లో దాక్కున్న పేదల విన్నపాలూ ఉన్నాయి. రసీదు చేతిలో లేనిదే ప్రయాణం చేయడం కష్టం. సంపన్నుడికి లెక్కలోకి రాని ఆ పన్ను, కూలివాడికి జైలు భయం. ఇదే నగరంలో పదకొండో శతాబ్దం తొలినాళ్లలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం చర్చిలను, సినగాగులను కూల్పించాడు. కొన్నేళ్లకే వాటిని తిరిగి కట్టుకోనిచ్చారు. కొత్త కట్టడాలు కూడదన్న నిబంధనను అలా పక్కన పెట్టారు.

ఈ చరిత్రను ఒక్క మనిషి జీవితంలో చూడాలంటే మైమోనిడెస్‌ను చూడాలి. 1138 ప్రాంతంలో ముస్లిం స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టిన ఈ యూదు తత్వవేత్త బాల్యంలోనే అల్మొహదులు ఆ నగరాన్ని పట్టుకున్నారు. ధిమ్మీ ఒప్పందాన్నే తోసిపుచ్చి, మతం మారమని యూదులను, క్రైస్తవులను బలవంతం చేసిన రాజవంశం వారిది. ఆయన కుటుంబం కొన్నేళ్లు అక్కడా ఇక్కడా తిరిగి, మొరాకోలోని ఫెజ్ మీదుగా చివరికి ఈజిప్టు చేరింది. ఒక ముస్లిం రాజ్యంలోంచి పారిపోయిన మనిషి మరో ముస్లిం రాజ్యంలో స్థిరపడి, ఈజిప్టు సుల్తాన్ సలాదీన్ మంత్రి అల్ ఖాదీ అల్ ఫాదిల్‌కు వైద్యుడయ్యాడు. 1199లో తన గ్రంథాన్ని అనువదిస్తున్న ఇబ్న్ తిబ్బోన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన తన దినచర్య చెప్పాడు. పొద్దున్నే పాత నగరం నుంచి కైరో వెళ్లి సుల్తానును, అంతఃపురాన్ని చూసుకోవాలి. ఆకలితో మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి యూదులూ అన్యులూ, గొప్పవాళ్లూ సామాన్యులూ కిక్కిరిసి ఉంటారు. వాహనం దిగి, చేతులు కడుక్కుని, రోజంతటికీ ఒకే ఒక్కటైన ఆ భోజనం ముగించేవరకూ ఆగమని వారిని బతిమాలుకోవాలి. రాత్రికి అలసటతో పడుకుని ఉండే రోగులకు మందులు రాసివ్వాలి. అదే మైమోనిడెస్, బలవంతపు మతమార్పిడి ఎదుర్కొంటున్న యెమెన్ యూదులకు 1172 ప్రాంతంలో రాసిన లేఖలో, ఇష్మాయేలు సంతతిని, అంటే అరబ్బులను, మించి మనల్ని బాధించిన జాతి లేదన్నాడు. రెండు ఉత్తరాలూ నిజమే. ఒకదాన్ని దాచి మరొకదాన్ని చూపేవారిని నమ్మనక్కర్లేదు.

భద్రత ఎంతసేపు ఉంటుందన్నది చాలాసార్లు పాలకుడి అవసరాన్నిబట్టి తేలింది. ముస్లిం స్పెయిన్‌లోని గ్రెనడా రాజులకు యూదు వజీరు అనుకూలం, ఎందుకంటే అతడు ఎంత ఎదిగినా సింహాసనానికి పోటీ రాలేడు. శామ్యూల్ ఇబ్న్ నగ్రేలా అలాగే పైకొచ్చాడు. ఆయన కొడుకు యోసేఫు కాలానికి, యూదులు తమ హద్దు దాటి ఒప్పందాన్ని మీరారు కాబట్టి వారిని చంపడం మాట తప్పడం కాదని వాదిస్తూ అబూ ఇస్హాక్ అనే కవి పద్యం రాశాడు. 1066 డిసెంబరు 30న జనం యోసేఫును చంపి, యూదుల వాడ మీద పడ్డారు.

అలాగని యూరప్‌తో పోల్చకుండా వదిలేయడం న్యాయం కాదు. ఇంగ్లండు 1290లో, ఫ్రాన్సు 1306లో, స్పెయిన్ 1492లో యూదులను మొత్తంగా వెళ్లగొట్టాయి. స్పెయిన్ నుంచి వచ్చినవారిని ఆటోమన్ సుల్తాన్ రెండో బాయజీద్ చేర్చుకోగా సలోనికా (నేటి గ్రీసులోని థెస్సలొనీకి) నగరం శతాబ్దాలపాటు వారిదే అన్నట్టుగా సాగింది. ముస్లిం రాజ్యాల అంచుల్లో మాత్రం పరిస్థితి కఠినం. యెమెన్ ఇమాము 1679లో యూదులను మౌజా ఎడారికి తోలేశాడు. చేతిపనివాళ్లు లేక పనులు ఆగిపోయాక బతికినవారిని వెనక్కి రానిచ్చారు. ఇరాన్‌లోని మష్హద్‌లో 1839లో యూదులందరినీ బలవంతంగా ముస్లింలను చేశారు. బాగ్దాద్ పాషా వేధింపులు తాళలేక యూదు వర్తకుడు డేవిడ్ ససూన్ బొంబాయి చేరింది 1830ల ఆరంభంలో.

ఆటోమన్ ప్రభుత్వం 1856 శాసనంతో మతభేదం లేని సమానత్వం ప్రకటించడంతో పాత ఒప్పందానికి కాలం చెల్లింది. సమానత్వం కాగితం మీదికొచ్చిన రోజుల్లోనే యూరప్ రాజ్యాలు అల్పసంఖ్యాకుల తరఫున జోక్యం చేసుకోవడం కూడా పెరిగింది. 1870లో ఫ్రాన్సు అల్జీరియా యూదులకు పౌరసత్వమిచ్చి, ముస్లింలకు ఇవ్వలేదు. ఆ ఒక్క నిర్ణయం ఇరుగుపొరుగులను ఎంత దూరం చేసిందో చెప్పనక్కర్లేదు. ఇరాక్‌లో తొలి ఆర్థికమంత్రి ససూన్ ఎస్కెల్ యూదుడు. కానీ 1941 జూన్ 1, 2 తేదీల్లో, నాజీల అనుకూల ప్రభుత్వం కూలిన సందులో, బాగ్దాద్‌లో సుమారు 180 మంది యూదులు హతమయ్యారు. ముస్లిం ఇరుగుపొరుగులు దాచిపెట్టగా ప్రాణాలు దక్కినవారూ ఉన్నారు. 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తరవాత, 1950 మార్చిలో, పౌరసత్వం వదులుకుంటే దేశం విడిచి వెళ్లవచ్చని ఇరాక్ చట్టం చేసింది. దాదాపు 1,20,000 మంది పేర్లు రాయించుకుని వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి, 1951 మార్చిలో, మరో చట్టం వారి ఆస్తులను స్తంభింపజేసింది. వెంటనే ఇజ్రాయెల్ విదేశాంగమంత్రి మోషే షారెట్, పాలస్తీనా శరణార్థులకు ఇవ్వవలసిన పరిహారంలోంచి ఈ ఆస్తుల విలువను మినహాయిస్తామని ప్రకటించాడు. ఆ రెండు పద్దులూ ఇంతవరకు తీరలేదు.