ఓసెర్ క్లబ్బు: అపోహలు, వాస్తవాలు

ఫ్రాన్స్‌లోని ఓసెర్ ఫుట్‌బాల్ క్లబ్బు గురించి ఎప్పుడు రాసినా ఆ వారంలోనే ఎవరో ఒక తండ్రి ఫోన్ చేస్తారు. "సార్, చిన్న ఊరి క్లబ్బు కదా, మావాడికి ట్రయల్స్ దొరుకుతాయా? ఒకాయన ఇప్పిస్తానంటున్నాడు" అని. స్పోర్ట్స్ డెస్క్‌లో ఫుట్‌బాల్ పేజీ చూసేవాడిని కాబట్టి నన్ను అడగడంలో తప్పులేదు. కానీ ఆ క్లబ్బు చరిత్రను సగం విని, మిగతా సగం ఊహించుకుని కొన్ని కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చిన్న ఊరి క్లబ్బు కాబట్టి చేరడం తేలిక. అకాడమీలో అడుగుపెడితే చాలు, మాంచెస్టర్ యునైటెడ్ స్టార్‌గా వెలిగిన కాంటొనా అంతటివాడు అయిపోవచ్చు.

వాస్తవం: ముందు కాంటొనా సంగతే చూద్దాం, అందరూ చెప్పే ఉదాహరణ అదే కాబట్టి. మార్సెయ్ కుర్రాడు ఎరిక్ కాంటొనా 1981లో ఓసెర్ అకాడమీలో చేరాడు. అప్పటికి పదిహేనేళ్లు. 1983 నవంబరులో నాన్సీ మీద మొదటి మ్యాచ్ ఆడించారు. కథ చెప్పేవాళ్లు ఇక్కడ ఆగి, నేరుగా మాంచెస్టర్‌కి దూకేస్తారు. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. సైనిక సేవకు వెళ్లాడు. తిరిగొచ్చాక కూడా జట్టులో చోటు ఖాయం కాలేదు. రెండో డివిజన్‌లో ఉన్న మార్తీగ్‌కు లోన్ మీద పంపారు. 1986-87 సీజన్‌కు గానీ మొదటి జట్టులో స్థిరపడలేదు. 1988లో మార్సెయ్ క్లబ్బు అతన్ని 2 కోట్ల 20 లక్షల ఫ్రాంకులకు కొనుక్కుంది. ఫ్రాన్స్‌లో అప్పటికి అదే రికార్డు. ఆ రికార్డు వెనక ఏడేళ్లు ఉన్నాయి. అందులో సగానికి పైగా మొదటి జట్టు బయటే గడిచింది. కాంటొనా అంతటి ప్రతిభ ఉన్నవాడికే ఇంత సమయం పట్టింది.

అప్పట్లో ఓసెర్ పిల్లలు ఎక్కడివాళ్లు? చుట్టుపక్కల బర్గండీ పల్లెల నుంచి, పారిస్ శివార్ల నుంచి, కాంటొనాలా దేశంలోని ఇతర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. 1993 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మిలాన్ మీద మార్సెయ్ తరఫున ఒకే ఒక్క గోల్ కొట్టిన బజిల్ బోలి కూడా ఈ అకాడమీ కుర్రాడే. పుట్టింది అబిజాన్‌లో అయినా అతన్ని ఫుట్‌బాలర్‌గా తయారుచేసింది ఓసెరే.

ఇక మన పిల్లల విషయం. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి మరో దేశానికి బదిలీ చేయడాన్ని ఫిఫా నిబంధనలు నిషేధిస్తున్నాయి. ఆర్టికల్ 19 అంటారు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో, అంటే ఉద్యోగం లాంటి వాటి కోసం, ఆ దేశానికి మకాం మార్చడం ఒకటి. పదహారు నిండిన కుర్రాడు యూరోపియన్ యూనియన్ లోపలే ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లడం ఇంకొకటి. సరిహద్దుకు దగ్గర్లో ఉండేవాళ్లకు మరో వెసులుబాటు ఉంది. పారిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కుటుంబంతో ఉంటున్న తెలుగు ఇంటి పిల్లవాడు అక్కడి క్లబ్బులో చేరొచ్చు. ఖమ్మంలో ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాణ్ని మాత్రం ఏ ఫ్రెంచ్ క్లబ్బుకూ ఆటగాడిగా రిజిస్టర్ చేసుకునే వీల్లేదు, ఎంత ఇష్టపడినా సరే.

ఖమ్మం పేరు ఊరికే ఎత్తలేదు. అటు నుంచే ఒకాయన వాట్సాప్‌లో ఓ ఉత్తరం ఫోటో పంపారు. పైన ఫ్రాన్స్‌లోని ఓ క్లబ్బు లోగో, కింద గుండ్రటి ముద్ర, మధ్యలో "రెండేళ్ల కాంట్రాక్టు" అనే మాట, పక్కనే రిజిస్ట్రేషన్ ఫీజు. డబ్బు వేయాల్సిన బ్యాంకు ఖాతా మాత్రం ఓ వ్యక్తి పేరు మీద ఉంది. కొడుక్కి పద్నాలుగేళ్లు. చీటీ పాడి అడ్వాన్సు కట్టేశారట. వీసా ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి నాకు ఫోన్ చేశారు. ఈ నిబంధన గురించి చెప్పేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి వాడికేం చెప్పమంటారు సార్?" అన్నారు. పిల్లవాడితో కూడా మాట్లాడాను. ఎడమకాలి వాటం, వింగ్‌లో ఆడతాడట, ఆట గురించి చక్కగా మాట్లాడాడు. రాష్ట్ర సబ్ జూనియర్ సెలెక్షన్స్‌కి వెళ్లమని, పద్దెనిమిది నిండేదాకా ఇక్కడే మంచి కోచ్ దగ్గర ఉండమని చెప్పాను.

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. కొడుకు బాగుపడాలనే టెన్షన్‌లో ఉన్న మనిషికి లోగో కనిపిస్తే నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకాన్ని అమ్ముకునేవాళ్ల మీదే నా కోపం. మీకూ అలాంటి ఉత్తరం వస్తే రూపాయి కూడా కట్టకుండా ముందు మూడు పనులు చేయండి. పిల్లవాడి వయసు పద్దెనిమిది దాటిందో లేదో చూసుకోండి. ఏజెంటు పేరు ఫిఫా వెబ్‌సైట్‌లోని లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితాలో ఉందేమో వెతకండి. ఉత్తరంలో ఉన్న నంబరుకు కాకుండా, క్లబ్బు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు రాసి అడగండి. ఎంపిక చేసిన పిల్లవాడి బస, భోజనం, చదువు క్లబ్బులే చూసుకుంటాయి. ఫీజు అడిగారంటే అక్కడితో మాట ఆపేయండి.

అపోహ: 1996 డబుల్ ఒక్క సీజన్ అద్భుతం.

వాస్తవం: ఆ ఏడాది లీగ్, ఫ్రెంచ్ కప్ రెండూ గెలిచారు. కప్ ఫైనల్లో నీమ్‌ను 2-1తో ఓడించారు. దాని వెనక ఎంత కాలం ఉందో చూడండి. 22 ఏళ్ల గీ రూ కోచ్‌గా చేరింది 1961లో, అప్పుడు జట్టు ప్రాంతీయ లీగ్‌లో ఉంది. రెండో డివిజన్‌కు చేరింది 1974లో. 1979లో రెండో డివిజన్ జట్టుగానే కప్ ఫైనల్ దాకా వెళ్లి ఎక్స్‌ట్రా టైమ్‌లో నాంత్ చేతిలో ఓడింది. 1980లో మొదటి డివిజన్‌కు వచ్చింది. 1993లో యూరప్ క్లబ్బుల యూఈఎఫ్‌ఏ కప్ సెమీస్‌లో డార్ట్‌మండ్ చేతిలో పెనాల్టీల మీద పోయింది. 1994లో మోంపెలియేను 3-0తో ఓడించి తొలిసారి ఫ్రెంచ్ కప్ ఎత్తింది. జనాభా నలభై వేలు కూడా లేని ఊరు, మధ్యలో యోన్ నది, పక్కనే షాబ్లీ ద్రాక్షతోటలు. అలాంటి చోట ముప్పై అయిదేళ్లు ఒకే పని చేశారు: పిల్లల్ని తయారుచేయడం, కొందరిని అమ్మడం, ఆ డబ్బు జాగ్రత్తగా వాడుకోవడం. 1963 నుంచి 2009 దాకా జాన్ క్లోద్ అమెల్ అనే ఒక్కాయనే అధ్యక్షుడిగా ఉన్నారు. కోచ్‌ను మార్చమని గొడవ చేసే బోర్డు లేకపోవడం రూకు ఎంత పెద్ద అండో, క్లబ్బుల రాజకీయం తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: గీ రూ 44 ఏళ్లు విరామం లేకుండా కోచ్‌గా ఉన్నాడు.

వాస్తవం: 1962 నుంచి 64 దాకా సైనిక సేవలో ఉన్నాడు. 2000-01లో డేనియల్ రోలాన్ జట్టును నడిపించాడు. 2005లో సెదాన్ మీద కప్ గెలిచి రూ తప్పుకున్నాడు. విరామాలు తీసేసినా ఆ రికార్డు గొప్పతనం తగ్గదు.

అపోహ: స్టేడియానికి దిదియే డెషాం పేరు పెట్టారు.

వాస్తవం: ఇది పత్రికల పేజీల్లోనే అచ్చవడం చూశాను. ఆ స్టేడియం పేరు అబే డెషాం. 1905లో క్లబ్బును స్థాపించిన చర్చి ఫాదర్ ఎర్నెస్ట్ డెషాం ఆయన. 1998 వరల్డ్ కప్ ఎత్తిన కెప్టెన్ ఓసెర్‌కు ఎప్పుడూ ఆడలేదు. క్లబ్బు పెట్టింది గీ రూ అనే మాట కూడా దీనితోనే పోవాలి. ఆయన పుట్టింది 1938లో.

అపోహ: రూ వెళ్లాక క్లబ్బు మూతపడింది.

వాస్తవం: 2010లో లీగ్‌లో మూడో స్థానంలో నిలిచి ఛాంపియన్స్ లీగ్ ఆడింది. 32 సీజన్ల తర్వాత 2012లో రెండో డివిజన్‌కు పడిపోయింది. 2022లో సెంట్-ఎతియెన్‌ను ప్లేఆఫ్‌లో పెనాల్టీల మీద ఓడించి పైకొచ్చింది, మరుసటి ఏడాదే కిందికి దిగింది, 2024లో రెండో డివిజన్ ఛాంపియన్‌గా మళ్లీ మొదటి డివిజన్ అయిన లీగ్ 1లోకి వచ్చింది.