గాలించిన ఇసుకలో గాలిమర

భీమిలి తీరంలో పొద్దున్నే నడిస్తే, అల వెనక్కి తగ్గిన చోట కాటుక గీసినట్టు నల్లటి చారలు కనిపిస్తాయి. తెలియనివాళ్లు ఓడల నుంచి కారిన చమురు అనుకుంటారు. ఒక అయస్కాంతం ముక్కను ఆ చార మీద తిప్పి చూడండి, నల్ల రేణువులు గడ్డం మొలిచినట్టు అతుక్కుంటాయి. అతుక్కోకుండా మిగిలినవాటిలో ఎక్కడో ఒకటి తేనెరంగు గింజ ఉంటుంది. దాని పేరు మోనజైట్. గాలిమరల అయస్కాంతాలకు కావలసిన మూలకాలు అందులోనే ఉంటాయి. దేశంలో దాని నిల్వలు సుమారు 1.3 కోట్ల టన్నులని అణు ఖనిజాల డైరెక్టరేట్ అంచనా. రాష్ట్రాలవారీగా చూస్తే ఎక్కువ వాటా ఆంధ్రప్రదేశ్‌దే.

ఆ చారను గీసేది సముద్రమే. బియ్యం గాలించేటప్పుడు గిన్నెను అటూ ఇటూ ఊపితే, బియ్యం నీళ్లతో జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి కదా. అలదీ అదే పని. తూర్పు కనుమల ఖోండలైటు, చార్నొకైటు రాళ్లు అరిగి, వంశధార, నాగావళి లాంటి నదుల్లో కొట్టుకొచ్చి తీరం చేరతాయి. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికంటే 2.65 రెట్లు బరువు. ఇల్మనైట్ సుమారు 4.7 రెట్లు, మోనజైట్ సుమారు 5 రెట్లు. తేలికవాటిని అల లాక్కుపోతుంది, బరువైనవి దిగబడిపోతాయి.

మోనజైట్‌కు మొదట గిరాకీ తెచ్చింది దీపం. తిరువాన్కూరు నుంచి వెళ్లిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో దీన్ని 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు. అప్పట్లో కావలసింది అందులోని థోరియం. పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైటు అంత తెల్లగా వెలిగిందంటే, దాని మాంటిల్ వల్లే, అంటే మంట చుట్టూ తొడిగే వల సంచి. అందులో ఎక్కువభాగం థోరియం ఆక్సైడే. మాంటిల్‌ను కనిపెట్టిన కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తే 1885లో, ఒకే మూలకం అనుకుంటున్న డిడిమియంను రెండుగా చీల్చాడు: నియోడిమియం, ప్రాసియోడిమియం. ఇప్పుడు కథ తిరగబడింది. అందరికీ ఆ రెండే కావాలి. రేడియోధార్మికత ఉన్న థోరియాన్ని జాగ్రత్తగా దాచాల్సి వస్తోంది.

కారణం అయస్కాంతం. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన రకం 1980ల మొదట్లో వచ్చింది. గేర్‌బాక్సు లేని పెద్ద గాలిమర జనరేటర్‌కు మెగావాట్‌కు సుమారు 600 కిలోల అయస్కాంతం పడుతుంది. నేలమీద తిరిగే గాలిమరల్లో చాలావాటికి దీని అవసరమే లేదు. నడి సముద్రంలో గేర్‌బాక్సు చెడితే మాత్రం మెకానిక్ పడవెక్కాలి, ఆ రోజు అలలు కూడా కనికరించాలి. అందుకే అక్కడ గేర్‌బాక్సు లేనివాటి మీద మోజు.

ఇసుక మన దగ్గరుందని సంబరపడితే సరిపోదు. రేణువులను అయస్కాంతాలతో, అధిక వోల్టేజీతో వేరుచేసేంతవరకు అదీ ఒక రకం గాలింపే. ఆ తర్వాతే అసలు టెన్షన్. మోనజైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి థోరియాన్ని విడదీయాలి. ప్రభుత్వరంగ సంస్థ ఐఆర్ఈఎల్ ఆ పనిని ఒడిశాలోని ఛత్రపురంలో చేస్తుంది. ఆ తర్వాత మిగిలే నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలు రసాయన గుణాల్లో కవలల్లాంటివి. కేరళలోని ఆలువాలో వాటిని ఒక ద్రావణం నుంచి మరో ద్రావణంలోకి మళ్లీ మళ్లీ మారుస్తూ ఒక్కొక్కటిగా విడగొడతారు.

విశాఖలో 2023 మేలో ఐఆర్ఈఎల్ అయస్కాంతాల కర్మాగారం మొదలైంది. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. పై లెక్కన చూస్తే 5 మెగావాట్ల గాలిమర ఒక్కదానికి సరి! పైగా అక్కడ తయారయ్యేవి సమారియం-కోబాల్ట్ రకం, రక్షణ, అంతరిక్ష రంగాల కోసం. నియోడిమియం అయస్కాంతం వేడికి డీలాపడకుండా కలిపే డిస్ప్రోసియం మన మోనజైట్‌లో చాలా తక్కువ. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన 7 మూలకాల్లో డిస్ప్రోసియమూ ఉంది, సమారియమూ ఉంది.

ఇక తీరం సంగతి. బరువు ఖనిజాలు తీసేశాక మిగిలే ఇసుకే ఎక్కువ కాబట్టి, తవ్విన గుంటను దాంతోనే పూడ్చవచ్చు. ఇది నిజమే. కానీ ఉప్పెన వచ్చినప్పుడు ఊరికి అడ్డం నిలిచేది సరుగుడు వేళ్లు, ఇసుక మీద పాకే తీగలు పట్టి ఉంచిన పాత దిబ్బ. నిన్న యంత్రం పోసిన కుప్పలో ఇంకా ఒక్క వేరూ దిగి ఉండదు.