బాయిలర్‌కు ముందు చన్నీళ్ళు

ధవళేశ్వరం ఆనకట్టకు పూనుకోవడానికి పదేళ్ళ ముందే, 1837లో, మద్రాసు రోడ్ల పనికి కావలసిన రాయిని రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేటకు చేరవేసే రైలు మార్గాన్ని ఆర్థర్ కాటన్ వేయించారు. ఆవిరితో ఈ నగరానికి అంత పాత పరిచయం. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన, ఈస్ట్ ఇండియన్ రైల్వే వారి ఇ.ఐ.ఆర్.-21 ఆవిరి ఇంజన్‌ను మన కాలంలో మళ్ళీ పట్టాల మీద నడిపించింది కూడా ఇక్కడి పెరంబూరు లోకో వర్క్‌షాపే. స్థానిక మ్యూజియం కోసం పాత ఆవిరి యంత్రాలను బాగుచేసే మా స్వచ్ఛంద బృందానికి విశ్రాంత ఫిట్టర్లు దొరకడానికి కారణం ఇదే. వారిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు చాలామందే ఉన్నారు.

కొత్తగా చేరినవారు ముందు తుప్పు గోకి రంగు వేయాలని ఉబలాటపడతారు. పెద్దలు మాత్రం వారి చేతికి చిన్న సుత్తి ఇస్తారు. బాయిలర్ లోపలి పలకను బయటి పలకతో కలిపి పట్టి ఉంచే స్టేలనే కడ్డీలను ఒక్కొక్కటిగా తట్టి వినాలి. గట్టిది ఖంగుమంటుంది, లోపల విరిగినది బీటవారిన కుండలాగా బొంగురుగా పలుకుతుంది. పలక మందాన్ని కొలవడానికి అతిధ్వని పరికరాలు వచ్చినా, సుత్తిని పక్కన పెట్టిన ఫిట్టరు నాకు కనబడలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకో లెక్క చెబుతుంది. చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి అంటే, ఒక చదరపు మీటరు పలక మీద 100 టన్నుల బలం. పలక తుప్పుపట్టి సగానికి పలచబడితే మిగిలిన లోహం రెట్టింపు భారం మోయాలి. అసలు ప్రమాదం నీటిలో ఉంది. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దాకా ద్రవంగానే ఉంటుంది. పలక చీలి ఒత్తిడి పడిపోయిందా, ప్రతి కిలో నీటిలో దాదాపు 150 గ్రాములు ఉన్నపళంగా ఆవిరై, 250 లీటర్ల చోటును ఆక్రమిస్తుంది. బాయిలర్ పేలడమంటే ఇదే.

కనుకనే పాత బాయిలర్‌ను పరీక్షించేటప్పుడు నిప్పు జోలికి పోకుండా, గాలి బుడగ కూడా మిగలకుండా చన్నీళ్ళు నింపి, చేతి పంపుతో ఒత్తిడిని సాధారణంగా, బాయిలర్ పనిచేసేటప్పుడు లోపల ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల వరకు పెంచుతారు. అంత ఒత్తిడిలోనూ నీటి పరిమాణం వెయ్యో వంతు కూడా తగ్గదు కాబట్టి అందులో నిల్వ ఉండే శక్తి బహు స్వల్పం. రివెట్టు దగ్గర లోపముంటే ముందు చెమ్మ, ఆపైన సన్నని ధార కనిపిస్తాయి, గేజి ముల్లు దిగిపోతుంది.

పరీక్షలో నెగ్గని బాయిలర్‌ను తీసివేసి కొత్తది చేయించడం కన్నా, దాన్ని నిప్పు లేకుండానే ప్రదర్శించడం మేలని నా నమ్మకం. దాని మీది సుత్తి దెబ్బలు, అతుకులు కూడా చరిత్రే. సందర్శకులకు కదలిక చూపాలంటే కంప్రెసర్ గాలిని నేరుగా సిలిండర్‌కు ఇస్తే చాలు, వేరే దేన్నీ తిప్పే పని లేనప్పుడు ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం కొద్దిపాటి ఒత్తిడికే తిరుగుతుంది. అయితే ఆ గాలిని పాత బాయిలర్ గుండా మాత్రం పంపకూడదు, ఎందుకంటే అదిమిన గాలి కూడా ఆవిరిలాగే శక్తిని దాచుకుంటుంది. మేము అమర్చే ప్రతి కొత్త బోల్టు మీద, ఇరుసు తిరిగే చోట తొడిగే బుష్షు మీద, చేసిన సంవత్సరాన్ని గుద్దుతాం. రేపు ఈ యంత్రాన్ని విప్పేవారికి ఏది పాతదో, ఏది మా చేతిదో చూడగానే తెలియాలి.