సీసాకి 25 సెంట్లు: యూరప్ సర్క్యులర్ ఎకానమీ వెనక యాభై ఏళ్ల కథ

జర్మనీకి చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి వారంలోనే నేర్చుకునే మాటల్లో 'ఫాండ్' ఒకటి. నీళ్ల సీసా కొన్నప్పుడు ధరతో పాటు 25 సెంట్ల డిపాజిట్ కడతారు. ఖాళీ సీసాను సూపర్ మార్కెట్‌లోని మెషిన్‌లో పెడితే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఒకసారి వాడి పారేసే సీసాలకు ఈ పద్ధతి అక్కడ 2003లో మొదలైంది. 2024 జూలై నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా సీసా మూత తీసినా ఊడి రాకుండా దానికే అతుక్కుని ఉండాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ వీటి వెనక సర్క్యులర్ ఎకానమీ, అంటే వస్తువును పారేయకుండా బాగుచేసి, తిరిగి వాడి, రీసైకిల్ చేసే ఆర్థిక పద్ధతి, చాలా దూరం నడిచిన కథ ఉంది. ఆ నడక తప్పు చివర నుంచి మొదలైందని నా అభిప్రాయం.

1976లో యూరోపియన్ కమిషన్‌కు (ఇప్పటి యూరోపియన్ యూనియన్ పాలనా విభాగం) ఒక నివేదిక అందింది. రాసినవాళ్లు స్విస్ ఆర్కిటెక్ట్ వాల్టర్ స్టాహెల్, జెనెవీవ్ రెడే. అప్పటికి చమురు ధరలు ఆకాశంలో ఉన్నాయి, నిరుద్యోగం పెరుగుతోంది. ఈ రెండు కష్టాలకూ మందు ఒకటేనని వాళ్లు చెప్పారు. ఒక వస్తువు తయారీకి పట్టే ఎనర్జీలో సుమారు నాలుగింట మూడు వంతులు గనుల నుంచి ముడిసరుకు తీసి ఇనుముగానో సిమెంటుగానో మార్చడానికే ఖర్చవుతుంది. మనిషి శ్రమ లెక్క దీనికి తలకిందులు: ఎక్కువ భాగం ఆ తర్వాత, వస్తువుగా మలిచే దశలోనే పడుతుంది. కాబట్టి పాత కారునో పాత భవనాన్నో బాగుచేసి వాడితే ఎనర్జీ మిగులుతుంది, పని పెరుగుతుంది. సర్క్యులర్ ఎకానమీ అనే పేరు వాడుకలోకి రాకముందే దాని అసలు లెక్క అక్కడ ఉంది.

అదే సంవత్సరం జూలైలో ఇటలీలోని సెవెసో దగ్గర ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి డయాక్సిన్ అనే విష రసాయనం ఊళ్ల మీద పడింది. శుభ్రం చేశాక మిగిలిన విషాన్ని 41 డ్రమ్ముల్లో నింపారు. 1982లో ఆ డ్రమ్ములు సరిహద్దు దాటి మాయమయ్యాయి. మరుసటి ఏడాది ఉత్తర ఫ్రాన్స్‌లోని ఓ పల్లెలో, మూతపడిన కబేళాలో దొరికాయి. యూరప్ వణికిపోయింది. ప్రమాదకరమైన చెత్త సరిహద్దులు దాటడంపై 1984లో చట్టం వచ్చింది.

స్టాహెల్ లెక్క చట్టాల్లోకి రావడానికి మాత్రం దాదాపు నలభై ఏళ్లు పట్టింది. భయం కలిగిన చోట చట్టం త్వరగా వచ్చింది. అందుకే చాలాకాలం యూరప్ చూపు చెత్తబుట్ట మీదే ఉండిపోయింది, వస్తువును డిజైన్ చేసే బల్ల మీదకు వెళ్లలేదు.

ఆ చూపు కాస్త మారింది 1991లో, జర్మనీలో. ప్యాకింగ్ చేసి అమ్మినవాడే ఆ ప్యాకింగ్ చెత్త బాధ్యత కూడా మోయాలని మంత్రి క్లౌస్ ట్యోప్ఫర్ ఆర్డినెన్స్ తెచ్చారు. కంపెనీలు కలిసి ఆ చెత్తను సేకరించే 'గ్రీన్ డాట్' వ్యవస్థ పెట్టుకున్నాయి. జనం అనుకున్నదానికంటే ఎంతో శ్రద్ధగా వేరుచేసి ఇచ్చారు. చిక్కు అక్కడే వచ్చింది: అంత ప్లాస్టిక్‌ని తిరిగి వాడే ఫ్యాక్టరీలు లేవు. పోగైన సరుకు విదేశాలకు తరలింది. చౌకగా వచ్చి పడిన జర్మన్ పాత కాగితంతో పక్క దేశాల కాగితం వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 1994లో యూరప్ మొత్తానికీ ప్యాకింగ్ చట్టం రావడానికి ఆ గొడవ కూడా ఒక కారణం.

చట్టాల కంటే ముందే ఈ పని చేసి చూపించిన ఊళ్లున్నాయి. నాకు వాటి కథే ఎక్కువ ఇష్టం.

డెన్మార్క్ తీరంలో కాలుండ్‌బోర్గ్ అనే చిన్న పట్టణం. 1961లో అక్కడ ఆయిల్ రిఫైనరీ కడితే భూగర్భజలం చాలదని తెలిసి, టిస్సో సరస్సు నుంచి పైపు వేశారు. మొదలు అంతే, నీళ్ల కొరత. 1972లో పక్కనే ప్లాస్టర్‌బోర్డు (గోడలకు వాడే జిప్సమ్ పలకలు) ఫ్యాక్టరీ వచ్చి, రిఫైనరీ ఊరికే మండించేసే గ్యాస్‌ని తీసుకుంది. కరెంటు ప్లాంటు తన ఆవిరిని రిఫైనరీకి, మందుల కంపెనీకి ఇచ్చింది, మిగిలిన వేడితో ఊళ్లో ఇళ్లు వెచ్చబడ్డాయి. మందుల తయారీలో మిగిలిన బురద పొలాలకు ఎరువైంది. 1993లో కరెంటు ప్లాంటు పొగలోని గంధకాన్ని వడకట్టడం మొదలుపెట్టింది. అలా పుట్టిన జిప్సమ్ ప్లాస్టర్‌బోర్డు ఫ్యాక్టరీకి ముడిసరుకైంది. పైనుంచి ఎవరూ ప్లాన్ వేయలేదు. మేనేజర్లు ఒకే ఊళ్లో ఉండేవాళ్లు, ఒకరినొకరు ఎరిగినవాళ్లు. ఇద్దరికీ గిట్టుబాటైతే ఒప్పందం రాసుకున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్లాంటు ఇప్పుడు బొగ్గు మానేసి చెక్క ముక్కలకు మారింది. వాతావరణానికి అది అవసరమే. కానీ బొగ్గు ఆగితే బొగ్గు పొగ నుంచి వచ్చే జిప్సమూ ఆగుతుంది. పొరుగువాడి వ్యర్థం మీద ఆధారపడిన పరిశ్రమకు ఆ వ్యర్థమే లేని రోజు కొత్త దారి వెతుక్కోక తప్పదు.

ఇటలీలోని ప్రాటోది ఇంకా పాత కథ. 19వ శతాబ్దం నుంచి అక్కడ పాత ఉన్ని బట్టల్ని పీకి మళ్లీ నూలు తీస్తున్నారు. గుడ్డలు ఏరేవాళ్లను 'చెంచాయోలీ' అంటారు. చేత్తో ముట్టుకుని ఉన్ని ఏదో, కలగలుపు ఏదో చెప్పగలరు. రంగుల వారీగా వేరుచేస్తే మళ్లీ అద్దకం అక్కర్లేదు, నీళ్లూ రసాయనాలూ మిగులుతాయి. ఇప్పటి బట్టల్లో పాలియెస్టర్ కలగాపులగం ఎక్కువై ఆ పని కష్టమవుతోంది. 2025 జనవరి నుంచి సభ్య దేశాలన్నీ పాత బట్టల్ని విడిగా సేకరించాలన్న నియమం వచ్చింది. ఆ చేతి నైపుణ్యం ఉన్నవాళ్లు మాత్రం నియమం పెట్టగానే పుట్టుకురారు.

యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో అసలు మలుపు 2015 డిసెంబర్. ఏడాది ముందు తెచ్చిన ప్రతిపాదనను కొత్త కమిషన్ వెనక్కి తీసుకుని, విమర్శలు వచ్చాక, 54 చర్యలతో మొదటి సర్క్యులర్ ఎకానమీ ప్లాన్ ప్రకటించింది. 2018లో చైనా ప్లాస్టిక్ చెత్త దిగుమతిని ఆపేసింది. రీసైక్లింగ్ పేరుతో యూరప్ ఎంత చెత్తను సముద్రం దాటిస్తోందో అప్పుడు అందరికీ కనిపించింది. 2020లో రెండో ప్లాన్ వచ్చింది. 2021లో ఫ్రాన్స్ ఫోన్లు, వాషింగ్ మెషిన్ల మీద, ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో చెప్పే రిపేరు మార్కులు వేయించింది. 2024లో ఎకోడిజైన్ చట్టం (వస్తువును మన్నేలా, బాగుచేసుకునేలా డిజైన్ చేయాలనేది), రిపేరు హక్కు చట్టం రెండూ వచ్చాయి. చూపు డిజైన్ బల్ల దాకా చేరింది.

అంకెలు అంత ఉత్సాహంగా లేవు. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్కలో 2023లో యూరోపియన్ యూనియన్ వాడిన సరుకులో చెత్త నుంచి తిరిగి వచ్చింది 11.8 శాతం. 2010తో పోలిస్తే పెరిగింది దాదాపు ఒక్క శాతమే. నెదర్లాండ్స్ 30.6 శాతంతో ముందుంటే, రొమేనియా 1.3 శాతం దగ్గర ఉంది. రొమేనియా, గ్రీస్, మాల్టాల్లో ఇళ్ల చెత్తలో ఎక్కువ భాగం ఇప్పటికీ గుంతల్లోకే పోతోంది. ఒకే చట్టం అందరికీ పంపినంత మాత్రాన ఏరే కేంద్రాలు, కొనే ఫ్యాక్టరీలు అన్ని ప్రాంతాల్లో ఒకేసారి లేవవు. ముందున్న నెదర్లాండ్స్‌లోనే ఈ మధ్య ప్లాస్టిక్ రీసైక్లింగ్ కంపెనీలు దివాలా తీశాయి. కొత్త ప్లాస్టిక్ అంతకంటే చౌకగా దొరుకుతుంటే పాతదాన్ని ఎవరు కొంటారు?

ధర దగ్గరికి వస్తే మళ్లీ స్టాహెల్ మాటే. రిపేరు అంటే మనిషి శ్రమ. యూరప్‌లో శ్రమ మీద పన్ను భారం ఎక్కువ. స్వీడన్ 2017లో సైకిళ్లు, చెప్పులు, బట్టల రిపేరు మీద పన్నును 25 నుంచి 12 శాతానికి తగ్గించింది, కానీ 2023లో మళ్లీ 25కి పెంచింది. ఆస్ట్రియా 2022లో ఎలక్ట్రిక్ వస్తువుల రిపేరు ఖర్చులో సగం, 200 యూరోల వరకు, ప్రభుత్వమే భరించే బోనస్ పెట్టింది. ఇవి ఒక్కో దేశం తనంతట తాను చేసుకున్నవి. కమిషన్ 2026కి సర్క్యులర్ ఎకానమీ చట్టం తెస్తానని చెప్పింది. అయితే యూరోపియన్ యూనియన్‌లో పన్నుల నియమాలు మార్చాలంటే 27 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి.